కమ్మరి కావలెను

“చెయ్యి తియ్! అది ముట్టుకోడానికి కాదు, చూడ్డానికి,” కాఫీ హోటల్ మేనేజరు కసిరాడు.

కమ్మరి దాగలి మీంచి చెయ్యి తీశాడు. ఒకప్పుడు కాలిన ఇనుము పెట్టి బాదిన దిమ్మ. ఇప్పుడు దానికి నల్లగా వార్నిష్ పూసి, చుట్టూ ఎర్ర దీపాలు పెట్టారు. ఇనుముకి ఇంత సోకు అతనెన్నడూ చూడలేదు.

“బయట బోర్డు చూసి వచ్చాను సార్. కమ్మరి కావాలన్నారు.”

“పనొచ్చా?”

“ఈ హోటలున్నచోట ఒకప్పుడు మా కొలిమే ఉండేది సార్. ఆ దాగలి మా నాన్నది. మోత భరించలేకపోతున్నామని వీధిలోవాళ్ళు ఖాళీ చేయించారు.”

“పొద్దుట్నించి వచ్చినవాళ్ళంతా అదే కథ చెప్తున్నారు. ఏదీ, ఓ దెబ్బ వెయ్యి చూద్దాం.”

ఆ వీధి తంతే అంత. మోత అని కమ్మరుల్ని తరిమి మోటారు మెకానిక్కుల్ని తెచ్చుకుంది. నూనె కంపు అని మెకానిక్కుల్ని తరిమి కాఫీ హోటళ్ళని తెచ్చుకుంది. కాఫీ అమ్ముడుపోవాలంటే పాతకాలం వాసన తగలాలట. అందుకని మళ్ళీ కమ్మరి కావలసి వచ్చాడు.

ఊరి చివర గోదాములో బస్తాలు మోసి మోసి కమ్మరి నడుం పడిపోయింది, ఒంట్లో కండ కరిగిపోయింది. ఈ పని తప్పిపోతే రేపు మళ్ళీ ఆ బస్తాల కిందే దూరాలి.

సుత్తి ఎత్తి ఒక్కటిచ్చాడు. బల్లల మీద కప్పులు గలగలలాడాయి. ఓ ఆవిడ చెవులు మూసుకుంది.

“మెల్లగానయ్యా! జనం ఇక్కడికొచ్చేది కబుర్లాడుకోడానికి.”

“మెల్లగా కొడితే ఇనుము వంగదు సార్.”

“ఇనుము నిన్నెవడు వంచమన్నాడు?”

“వాళ్ళేమన్నా తల ఊపు. నీ నోరే మన కొంప ముంచుతోంది,” అని పెళ్ళాం మరీ మరీ చెప్పి పంపింది. కమ్మరి తల ఊపాడు. పసిబిడ్డని జోకొట్టినట్టు ఖాళీ దాగలిని సుత్తితో తట్టాడు. టిక్. టిక్. నాన్న ఉండి చూస్తే ఆ సుత్తి లాక్కుని బుర్ర పగలగొట్టేవాడు.

“శభాష్! నాక్కావలసిన చప్పుడు ఇదే!” మేనేజరు మురిసిపోయాడు.

కమ్మరి గుండె నిమ్మళించింది. అలాగే ఇంకో రెండు దెబ్బలు తట్టాడు.

మేనేజరు లోపలికి కేకేశాడు. కండలు తిరిగిన జిమ్ము కోచ్ ఒకడు కొత్త తోలు ఏప్రన్ సర్దుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

“ఇతనికి ఆ దెబ్బ కాస్త నేర్పించి వెళ్ళు పెద్దాయనా. నిన్ను కూర్చోబెడితే కమ్మరివంటే ఎవడూ నమ్మడు.”