నిలిచిన కామెంటు

"నా కామెంటు మళ్లీ తీసేశారే!" సైన్సు మాస్టారు ఫోను చూస్తూ అరిచారు.

వంటింట్లోంచి భార్య పరుగున వచ్చింది. "ఏమైందండీ?"

"బాత్‌రూము అద్దంలా మెరవాలంటే బ్లీచింగూ యాసిడూ కలపమని ఎవరో వీడియో పెట్టారు. కింద ఒకమ్మాయి రాసింది చూడు, 'పాప పడుకుంది, వీడియో చూస్తూ ఇప్పుడే కలుపుతున్నా' అని. ఆ రెండూ కలిస్తే వచ్చేది విషవాయువు!"

"మరి చెప్పండి!"

"'చచ్చిపోతావమ్మా' అని రాశాను. బూతు తిట్టినట్టు ఆ యాప్‌వాళ్లు తీసేశారు. 'విషం' అన్నాను, అదీ పోయింది. ఇంకొక్కసారి అలా రాస్తే నా ఖాతా ఆపేసి నోరు కట్టేస్తారట."

ఆయన గుమ్మం వైపు అడుగేసి ఆగిపోయారు. పరిగెత్తి తలుపు బాదడానికి ఆ పిల్ల ఇల్లెక్కడో తెలియదు.

భార్య ఫోను లాక్కుంది. "చావు మాటెందుకు? చేయాల్సింది చెబుదాం." గబగబా కొట్టింది: "అమ్మాయ్, ఉన్నపళంగా అన్నీ వదిలేసి, పాపనెత్తుకుని వీధిలోకి వచ్చెయ్. ఎందుకో తర్వాత చెబుతా. పెద్దదాన్ని, నా మాట విను తల్లీ."

ఈసారి కామెంటు నిలిచింది.

నిమిషం గడిచింది. ఐదు గడిచాయి. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఇద్దరూ కదల్లేదు.

అప్పుడొచ్చింది జవాబు: "బయటికొచ్చేశాం పెద్దమ్మా. నాకు కళ్లు మండుతున్నాయి, దగ్గు ఆగట్లేదు. పాప బాగానే ఉంది. ఇంతకీ ఏమైంది?"

మాస్టారు ఫోను అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లమను," అన్నారు. "నువ్వే రాయి. నీ మాటే చేరుతోంది."