బోర్డు మీద పేరు

"పదింటికల్లా మండలాఫీసు మేడం వస్తదంట. ఫొటో ఈ బోర్డు కిందనే తీస్తదంట," అంది మరియ, స్టూలెక్కి హోటల్ బోర్డును తడిగుడ్డతో తుడుస్తూ.

ఆమె మొగుడు సవరయ్యకు తాగుతున్న టీ పొలమారింది. "బోర్డు కిందనే ఎందుకు? పొయ్యి కాడ తీయమను."

"పేరు కనపడాలె కదయ్యా. మన ములకలపల్లిల సొంతంగ హోటల్ పెట్టిన ఆడమనిషిని నేనొక్కదాన్నే అంట. నా ఫొటో ఆఫీసుల పెడితే, చూసి ఇంకో పదిమంది ఆడోళ్లు ధైర్యం జేస్తరంట." మరియ దిగి, బోర్డు వైపు మురిపెంగా చూసింది. "మేడం నా పేరు పైకి చదువుతుంటే ఇనాలని ఉంది. నాకెట్లాగూ చదువు రాదాయె."

సవరయ్య గ్లాసు కింద పెట్టేసి రోడ్డెక్కాడు.

ఆర్నెల్ల కిందట బోర్డు మీద తన పేరు రాయించుకు రమ్మని మరియ అతన్ని పంపింది. దారిలో దోస్తులు, ఆడదాని పేరు పెడితే మొగుడు లేని ఇల్లనుకుంటారని ఎగతాళి చేశారు. అంతే, సవరయ్య పోయి పెయింటర్ జోయెల్‌తో మరియ పేరుకు బదులు తన పేరే రాయమని చెప్పి వచ్చాడు.

ఆ రోజు నుంచీ దొంగకు తేలు కుట్టినట్టయింది అతని పని. తెల్లారకముందే లేచి పిండి రుబ్బేది ఆమె, నూనె చుక్కలకు చేతులు కాల్చుకునేది ఆమె. రోజూ ఆ బోర్డును బిడ్డ మొహం తుడిచినట్టు తుడుస్తుంటే అతను మొహం పక్కకు తిప్పుకునేవాడు. జనమంతా మరియక్క హోటల్ అనే పిలుస్తారు. అది విన్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేవాడు. హోటల్ మీద మొగుడి పేరుంటే ఎవరికి మాత్రం వింత? అందుకే ఎవరూ ఆమెకు చెప్పలేదనుకున్నాడు. ఆదివారం చర్చిలో ఒప్పుకోబోయి, చివరికి వట్టి ప్రార్థన చేసుకొని వచ్చేశాడు.

జోయెల్ ఇంటి ముందు ట్రాక్టర్ ట్రాలీకి రంగు వేస్తున్నాడు.

"జోయెలూ, డబ్బా పట్టుకొని జల్దీ రా. నా పేరు తీసేసి మీ అత్త పేరు రాయాలె. పదింటిలోపల."

"ఏమైంది మామా? గిప్పుడు యాదికొచ్చిందా?"

"తప్పు జేసిన్రా." సవరయ్య అక్కడే మట్టిలో కూలబడ్డాడు. "అది నన్ను నమ్మి పంపింది. చదువు రాదు గదా, దానికేం తెలుస్తదిలే అనుకున్న. ఇయ్యాల మేడం అందరి ముందల నా పేరు చదివితే, దాని మొఖం ఎట్లయితదో, నేను చూడలేన్రా. అది నన్ను తిట్టినా మంచిదే. తిట్టదు. ఊకె చూస్తది."

జోయెల్ కుంచె పక్కన పెట్టి, అతని పక్కనే కూర్చున్నాడు.

"మార్చేదేం లేదు మామా."

"రానంటవా?"

"వచ్చి ఏం జెయ్యాలె? దాని మీద ఉన్నది అత్త పేరే."

సవరయ్య నోరు తెరిచాడు. "నేను చెప్పింది..."

"నువ్వు చెప్పింది నిజమే. కానీ నువ్వు దోస్తుల కాడ ఆగినవని తెలిసి, నీకంటే గంట ముందే అత్త వచ్చి పోయింది. 'మీ మామ వచ్చి ఆయన పేరు రాయమంటడు. సరే అని, నా పేరే రాయి. ఆయనకు గూడ చదువు రాదు' అన్నది."