అత్త ఆపిల్, కోడలు ఆపిల్

ఆదివారం సంతలో తోటాయన బోర్డులు మార్చాడు.

ఏడేళ్ళు అంట్లు కట్టి, కంటికి రెప్పలా పెంచిన రెండు కొత్త రకాల ఆపిళ్ళు అవి. ఇన్నాళ్ళూ వాటి మీద 'ఏ-17', 'ఏ-18' అని రాసిన అట్టముక్కలుండేవి. ఒక్కరు ముట్టుకుంటే ఒట్టు. "ఇవి తినేవా, పొలంలో చల్లేవా?" అని అడిగి మరీ పోయేవాళ్ళు.

తిరకాసంతా పేరులోనే ఉందనుకున్నాడు. ఎర్రగా, పెద్దగా ఉన్నదానికి 'అత్త' అనీ, చిన్నగా పసుపుపచ్చగా మెరిసేదానికి 'కోడలు' అనీ పెట్టాడు. ఇంట్లో ఇద్దర్నీ ఒకే దెబ్బకి మంచి చేసుకోవచ్చని అతని ఎత్తు. పెళ్ళయిన పదకొండేళ్ళలో అలాంటి ఎత్తు ఒక్కటీ పారలేదు, అది వేరే సంగతి.

"రెండింట్లో ఏది ఎక్కువ తీపిరా?" అంది అమ్మ.

"రెండూ ఒకటేనమ్మా."

"ఆహా," అంది భార్య వంటింట్లోంచి.

మరుసటి ఆదివారం, సంత మొదలవకముందే ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు కోడలు ఆపిళ్ళ పెట్టెలన్నీ ఎక్కించుకున్నాడు.

"అత్తలు కూడా తీసుకోండి, బాగుంటాయి," అన్నాడు తోటాయన.

"వద్దన్నారండి. కోడళ్ళే కావాలట."

నాలుగు వారాలు వరసగా ఇదే తంతు. కోడళ్ళు ఇలా రావడం, అలా మాయమవడం. అత్తలు మాత్రం ఈగలు తోలుకుంటూ బుట్టలో కూర్చున్నాయి.

భార్య సంబరానికి పట్టపగ్గాల్లేవు. వీధి వీధంతా చెప్పుకొచ్చింది. "అత్తయ్యగారి బుట్ట కాస్త వెనక్కి జరపండి, అడ్డంగా ఉంది," అని మొగుడికి సలహా కూడా ఇచ్చింది.

అమ్మని చూస్తే తోటాయనకి కడుపు తరుక్కుపోయేది. ఇదివరకు కూరలో ఉప్పు ఎక్కువైతే ఇల్లు పీకి పందిరేసే మనిషి, ఇప్పుడు అసలు ఉప్పే వేయకపోయినా నోరెత్తడం లేదు. ఆదివారం పొద్దున్నే స్నేహితురాలింటికి వెళ్ళి, మధ్యాహ్నానికి నవ్వుకుంటూ తిరిగొస్తోంది. ఒకరోజు అతను ఎవరూ చూడకుండా రెండు అత్త ఆపిళ్ళు తనే తినేసి, "ఇవాళ రెండు పోయాయమ్మా," అని చెప్పాడు.

"పోన్లేరా. కోడలు పేరు బాగా నడుస్తోందిగా, నాకంతకన్నా ఏం కావాలి?" అంది అమ్మ.

అవమానాన్ని దిగమింగుకుంటోందని అతనికి అర్థమైపోయింది. ఇంకో వారం ఇలాగే సాగితే మంచం పడుతుందేమోనని భయం పట్టుకుంది.

ఐదో ఆదివారం అత్త ఆపిళ్ళ బుట్టని సైకిలుకి కట్టుకుని ఆ ఆటో వెంటపడ్డాడు. కొనేవాళ్ళ కాళ్ళో వేళ్ళో పట్టుకుని ఒక్క బుట్టయినా అంటగట్టాలి. ఆ మాట వెళ్ళి అమ్మకి చెప్పాలి.

ఆటో పోస్టాఫీసు వెనక సందులో ఒక ఇంటి ముందు ఆగింది. వంటింటి కిటికీ తెరిచే ఉంది. రొప్పుతూ లోపలికి తొంగిచూశాడు. నేల మీద కిందటి వారం పెట్టెల్లోంచి కుమ్మరించిన పసుపుపచ్చటి ఆపిళ్ళ గుట్ట. దాని చుట్టూ ఏడెనిమిది మంది పెద్దావిడలు, చేతుల్లో చాకులతో, మొహాలు వెలిగిపోతూ కూర్చున్నారు.

"తోసుకోకండి, తలా పదిమంది కోడళ్ళు వస్తారు, ముందు నెమ్మదిగా తొక్క తీయండి," అంటోంది వాళ్ళ మధ్యలో కూర్చున్న అమ్మ.