అత్త ఇచ్చిన తోడు

దీపం పెట్టి మల్లవ్వ ఇటు తిరిగిందో లేదో, గుమ్మంలో ఒక ముసలామె నిలబడి ఉంది.

నలిగిన చీర, కాళ్లకు సిమెంటు దుమ్ము, చేతిలో మూత పెట్టిన చిన్న స్టీలు గిన్నె.

చూడగానే మల్లవ్వకు అర్థమైపోయింది. కామాటిపురలో వరుస గదులున్న వాళ్ల పక్క చాల్‌ను పడగొట్టి కొత్త బిల్డింగు లేపుతున్నారు. పాలమూరు నుంచి వచ్చిన కూలీ ఆడవాళ్లు రోజూ ఎవరో ఒకరు పెరుగు తోడు అడగడానికి వస్తూనే ఉంటారు.

"దీపం ముట్టిచ్చినంక పెరుగు బయటికియ్యం. అయినా మా ఇంట్లనే తోడు లేదు, పో!"

మల్లవ్వ నోటికి చాల్ అంతా దడుస్తుంది. ముసలామె మాత్రం కదల్లేదు. మల్లవ్వ భుజం మీదుగా లోపలికి చూసింది. మంచం మీద ఆమె భర్త నారాయణ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"గింత సన్నబడ్డడా..." అంది మెల్లగా.

మల్లవ్వకు ఒళ్లు మండింది. రోగిష్టి మనిషికి పరాయి కన్ను తగిలితే ఇంకేమైనా ఉందా! తలుపు ధడేల్మని వేసేసింది.

నిజానికి ఆమె కోపమంతా తన మీదే. భర్త ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ వాళ్ల ఒంటిగది ఖోలీకి తాళం పడింది. తిరిగొచ్చి చూస్తే తోడు గిన్నెలో నల్లటి బూజు. అత్త పోయేముందు చేతిలో పెట్టి, "దీన్ని తెగనియ్యకు బిడ్డా" అని మరీ మరీ చెప్పిన తోడు అది. ఆ ఇంట్లో ఎన్నడూ తెగనిది తన చేతుల్లో తెగిపోయింది.

ఘాటు మందులకు నారాయణ జ్వరం తగ్గింది కానీ కడుపు పాడైంది. తిన్నది నిలవక, చివరికి తినడమే మానేశాడు.

"మందులకు చెడ్డ క్రిములతో పాటు మంచివి కూడా చచ్చిపోతాయమ్మా. ఇంట్లో తోడేసిన పెరుగు పెట్టండి. ఆ మంచివి అందులో బతికే ఉంటాయి," అన్నాడు డాక్టర్ శైలేష్.

దుకాణం పెరుగు తెచ్చింది. నారాయణ ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని గిన్నె పక్కకు నెట్టాడు.

"మన పెరుగు కాదిది."

ఈ మనిషి ఇలాగే దక్కకుండా పోతాడేమోనని మల్లవ్వకు భయం పట్టుకుంది.

తెల్లవారి తలుపు తీస్తే, గుమ్మం పక్కన నిన్నటి గిన్నె!

పక్క ఖోలీ రత్నాబాయి గ్యాలరీలో బట్టలు ఆరేస్తోంది. "ఆ ముసలామె పెట్టిపోయింది మల్లక్కా. పాలల్ల వెయ్యమన్నది. అడగనీకి కాదు, ఇయ్యనీకి వచ్చింది పాపం, బిచారీ!"

మల్లవ్వ ముఖం చిన్నబోయింది. పాలు కాచి, వేలు పెట్టి గోరువెచ్చన చూసుకుని, ఆ పెరుగు ఒక చెంచా కలిపి మూత పెట్టింది.

మర్నాడు మూత తీసి అలాగే నిలబడిపోయింది.

గిన్నె వంచినా పెరుగు కదలదు. పైన లేత పసుపు మీగడ. ఆ వాసన! అచ్చం అత్త చేతి పెరుగే. మోరీలో తాను పారబోసినది మళ్లీ ఎలా బతికొచ్చింది? కంటికి కనబడని ఆ కోటానుకోట్ల ప్రాణాలు ఏ దారిన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాయి? దండం పెట్టాలనిపించింది ఆమెకు. పెట్టింది కూడా.

నారాయణ ఒక ముద్ద తిని ఆగాడు.

"మన తోడే గదనే! బూజు పట్టిందంటివి?"

"పట్టింది. నా చేతుల్తోనే పారవోసిన."

ఆయన కంచం ముందుకు జరిపాడు. ఇంకొంచెం అన్నం పెట్టమన్నాడు. ఎన్నాళ్లకో తిన్నది కడుపులో నిలిచింది.

ఆయన లేచి కూర్చున్న రోజు, మల్లవ్వ ఆ గిన్నె తోమి, ఉత్తది ఇవ్వకూడదని బెల్లం ముక్క వేసి, పక్క సైటుకు పరుగు పరుగున వెళ్లింది.

ఇటుకలు మోస్తున్న బాలమ్మ అనే కూలీ మనిషి గిన్నె చూసి ఆగింది.

"పోచమ్మ గిన్నె గదా అక్కా? ఆమె పొద్దుగాల బస్సుకు మా ఊరికి పోయింది."

"అయ్యో! మళ్ల పనికి ఎప్పుడొస్తది?"

"ఆమె పనికి రాలే. మా గుడిసెల నాలుగొద్దులు ఉన్నదంతే. వయసుల మా ఊరి కూలాయన్ని మనువాడితే నాయన ఎల్లగొట్టిండట. తల్లి చాటుగ ఇంత తోడు గిన్నెల పోసిచ్చిందట. గా తోడును ఇన్నేండ్లు కాపాడుకున్నది."

మల్లవ్వ చేతిలోని గిన్నె కేసి చూసింది. "ఎవరింటి బిడ్డ?"

"మీ చాల్లనే పుట్టిందట అక్కా. తమ్మునికి పానం బాగలేదని విని వచ్చింది. ఆయన పెరుగన్నం తిన్నడని రత్నాబాయి చెప్పినంకనే బస్సెక్కింది."