గుడ్ల కుండకు మూత

"అక్కా, ఆగు! బట్టీ ఇంకా చల్లారలేదు. ఇప్పుడు తెరిస్తే చలిగాలికి కుండలన్నీ పగిలిపోతాయి!"

అక్క వినలేదు. బట్టీ నోటికి పేర్చిన ఇటుకల్ని గడ్డపారతో పెకలిస్తోంది.

పొద్దున పోయిన కరెంటు ఇంకా రాలేదు. గుడ్లు పొదిగే పెట్టె చల్లబడిపోయింది. గుడ్లను చొక్కాలో వేసుకుని పొట్టకు హత్తుకున్నాను. తెగులుకు మా కోళ్ళన్నీ పోయాయి. నిన్న నల్లపెట్ట కూడా పోయింది. దాని జాతిలో ఇక మిగిలినవి అది పెట్టిన ఈ గుడ్లే.

"ఇంత కష్టపడి చేశావు కదే!"

"మట్టుంది, మళ్ళీ చేసుకుంటాను. గుడ్లు చేయగలవురా నువ్వు?"

ఒక కుండ తీసి చెంప దగ్గర పెట్టుకుని చూసింది. "అబ్బా, కాలుతోంది." ఇంకోటి తీసింది. "ఇది సరిపోతుంది. ఊక పోసి గుడ్లు పెట్టు."

పెట్టాను. బట్టీలో కుండలు టప్పుటప్పుమని పగులుతున్నాయి. అక్క అటు చూడనైనా లేదు.

"మూత కావాలి. లోపల చూడు."

గోనెసంచి చేతికి చుట్టుకుని, కాస్త చల్లారిన మూల నుంచి ఒక పళ్ళెం లాగాను. దాని మీద అడ్డంగా కోడి అడుగుజాడలున్నాయి.

ఆరని పచ్చి పళ్ళెం తొక్కిందని అప్పుడొక రోజు నల్లపెట్టను తరిమి తరిమి తిట్టింది అక్క. ఇల్లు పీకి పందిరేసింది.

"దీన్ని మళ్ళీ ముద్ద చేసేశానన్నావుగా?"

అక్క నా చేతిలోంచి పళ్ళెం లాక్కుని, ఆ అడుగుజాడలు గుడ్ల వైపు ఉండేలా కుండ మీద బోర్లించింది. గాలికి కాస్త సందు వదిలింది. రెండు చేతులూ దాని మీద ఆనించి కూర్చుంది.

"అమ్మ పైనే ఉంది. చావకండి," అంది గుడ్లతో.