బావ వంతు

అర్ధరాత్రి దాటాక, ఖాళీ రోడ్డుమీద ఒంటరిగా లారీ తోలుతున్న డ్రైవరుకు సీటు వెనక పడుకునే చెక్కమీద ఎవరో మూడుసార్లు తట్టినట్టు వినపడింది. ఇరవై ఏళ్లపాటు ఆ చప్పుడుకు ఒకటే అర్థం: "లేచాను బామ్మర్దీ, స్టీరింగ్ ఇటివ్వు."

కానీ బావ పోయి ఏడాదైంది. ఇద్దరెందుకు దండగ అని ఓనరు రెండో డ్రైవరును పెట్టనేలేదు.

లారీవాళ్లంటే తాగుబోతులని, ఊరికో సంసారమని లోకం మాట. "ఊరికో ఇల్లుంటే ఈ చెక్కమీద నడుం విరగ్గొట్టుకోవడం ఎందుకురా?" అని నవ్వేవాడు బావ. చుక్క ముట్టేవాడు కాదు. వెనక పడుకున్నవాడు ఉలిక్కిపడతాడని, గుంత వస్తే బండిని ఉయ్యాల్లో పసిపిల్లను దించినట్టు దించేవాడు. అప్పుడు పట్టినంత నిద్ర ఇతనికి ఇంట్లో మంచంమీద కూడా పట్టలేదు.

మళ్లీ మూడుసార్లు తట్టారు.

రెండు రాత్రులుగా కునుకు లేదు. ఎక్కడైనా గుద్దితే నిద్రలేక అనరు, తాగి గుద్దాడనే అంటారు. బండి పక్కకు తీసి ఆపాడు. తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. దుప్పటి మాత్రం, అప్పుడే ఎవరో లేచినట్టు, వెచ్చగా ఉంది.

"నీకు పుణ్యముంటుంది బావా, ఒక్క గంట," అని గొణిగి ముడుచుకుని పడుకున్నాడు.

కళ్లు మూతపడుతుండగా ఇంజన్ గుర్రుమంది. బండి మెల్లగా, ఎక్కడా కుదుపు లేకుండా, రోడ్డెక్కింది.

అతను జేబు తడుముకున్నాడు. తాళంచెవి అందులోనే ఉంది.