వెచ్చని కోటు

రష్యా సైన్యంతో జరిగిన పోరులో లెఫ్టినెంట్ జెనాన్ చనిపోయాడు. శవం దొరకలేదు. శిబిరంలో వదిలివెళ్ళిన సైనిక కోటు మాత్రం ఇంటికి చేరింది. కొడుకు నిలువెత్తు తైలవర్ణ చిత్రం వేయించాలని తల్లి పట్టుబట్టింది. ముఖాన్ని పాత పటం చూసి వేస్తాననీ, భుజాలకు మాత్రం మనిషి కావాలనీ చిత్రకారుడు ఒర్విచ్ అన్నాడు. అన్నయ్యంత ఎత్తున్న చెల్లెలు బొగుమిల ఆ కోటు తొడుక్కుని రోజూ పొద్దుగూకాక కొవ్వొత్తుల ముందు నిలబడేది.

ఆ రాత్రి బయట మంచు పడుతోంది. గదిలో నిప్పు లేదు. పెట్టెలోంచి తీసిన కోటు తొడుక్కోగానే బొగుమిల ఆగిపోయింది. ఎవరో ఇప్పుడే విప్పినట్టు లోపలంతా వెచ్చగా ఉంది.

"దీన్ని ఎవరైనా వేసుకున్నారా అండీ?"

"పెట్టె తాళంచెవి మీ అమ్మగారి దగ్గరే కదమ్మా." ఒర్విచ్ కుంచె ఆపి తేరిపార చూశాడు. "నిన్నటికంటే భుజాలు వెడల్పయ్యాయేంటి?"

బొగుమిల బొత్తాం మీద చెయ్యి వేసింది. గుమ్మంలో నిలబడ్డ తల్లి మెల్లగా దగ్గరికొచ్చింది.

"విప్పకు. చల్లారిపోతుంది." ఆమె కోటు గుండెకు తల ఆనించింది. "అలిసిపోయావా, జెనాన్?"

చావు కబురు వచ్చాక ఆ ముఖంలో ఇంత శాంతి బొగుమిల చూడలేదు. నేనమ్మా, బొగుమిలని, అనబోయింది.

బొగుమిల ఎత్తకుండానే కోటు కుడిచెయ్యి నెమ్మదిగా లేచి, తల్లి తల నిమిరింది.